జారేది ఏది? మిడ్-సైజ్ ఎస్‌యూవీలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లను అర్థం చేసుకున్న నా అనుభవం

చాలా ఏళ్ళు మాన్యువల్ గేర్ల కారు నడిపిన తరువాత, ఇంటిల్లిపాదికీ సరిపడే మిడ్-సైజ్ ఎస్‌యూవీని, అదీ ఆటోమేటిక్‌నే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. పరిమాణం, సీట్లు, భద్రత వంటి విషయాల్లో పెద్దగా తడబాటు లేకపోయింది. చిక్కంతా గేర్‌బాక్స్ దగ్గరే వచ్చింది. ఈ తరగతిలో ఒకే మోడల్‌కు డీజిల్ ఇంజిన్‌తో ఒక రకం, మామూలు పెట్రోల్ ఇంజిన్‌తో మరో రకం, టర్బో పెట్రోల్‌తో ఇంకో రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇవ్వడం సాధారణం. హైబ్రిడ్ అయితే దానిది పూర్తిగా వేరే లోకం. లోపల కూర్చుంటే మాత్రం అన్నింటికీ రెండే పెడళ్ళు, దాదాపు ఒకే తీరు సెలెక్టర్, దాని పక్కన అవే పీ (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డీ (డ్రైవ్) అక్షరాలు. పైగా ఒక్కో కంపెనీ తన గేర్‌బాక్స్‌కు తనకు నచ్చిన పేరు పెట్టుకుంటుంది. డీఎస్‌జీ, పీడీకే, ఎస్ ట్రానిక్ అన్నవి డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లున్న, డీసీటీ అనే) గేర్‌బాక్స్‌లని, ఎక్స్‌ట్రానిక్, లీనియర్‌ట్రానిక్, ఐవీటీ అన్నవి సీవీటీ (గేర్ల మెట్లు లేకుండా నిష్పత్తి నిరంతరంగా మారే గేర్‌బాక్స్) కుటుంబానికి చెందినవని తెలుసుకోవడంతోనే సగం గందరగోళం తీరింది.

మిగతా సగం తీరడానికి మూడు దారులు పట్టాను. నేను పరిశీలిస్తున్న కార్ల ఓనర్స్ మాన్యువళ్ళను డౌన్‌లోడ్ చేసుకుని, గేర్‌బాక్స్ అధ్యాయాన్ని, దానితోపాటు కారును లాక్కెళ్ళడం గురించిన పేజీలను మొదటి నుంచి చివరి దాకా చదివాను. గేర్‌బాక్స్‌లు విప్పి బాగుచేసే ఒక మెకానిక్ గారి దగ్గర కూర్చుని, బల్లమీద విప్పి ఉన్న భాగాలను చేత్తో తిప్పి చూశాను. ఆ తరువాతే టెస్ట్ డ్రైవ్‌లకు వెళ్ళాను. ఈ వరుస నాకు చాలా మేలు చేసింది, ఎందుకంటే లోపల ఏముందో తెలిశాక నడిపితే కారు ప్రతి చిన్న కదలికకూ కారణం కనిపిస్తుంది.

ఆ మెకానిక్ గారు మొదట్లోనే ఒక మాట చెప్పారు. "బండి ఆగి ఉందండీ, ఇంజిన్ తిరుగుతూనే ఉంది. చక్రం సున్నా దగ్గర ఉంది, ఇంజిన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్ల దగ్గర ఉంది. ఈ రెంటి మధ్య జారేది ఏదో చూసుకోండి, మిగతాదంతా దాని వెనకాలే అర్థమవుతుంది." నాకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల గురించి తెలిసినదంతా ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే. పెట్రోల్ ఇంజినైనా డీజిల్ ఇంజినైనా నిమిషానికి ఇన్ని చుట్లు అన్న కనీస వేగం కంటే కిందికి పడితే ఆగిపోతుంది. కదలని చక్రానికి, ఆగలేని ఇంజిన్‌కు మధ్య ఏదో ఒకటి కాసేపు జారక తప్పదు. మాన్యువల్ కారులో ఆ జారుడును మన ఎడమ కాలు చూసుకుంటుంది. హాఫ్ క్లచ్ అని మనం అనేది దాన్నే. ఆటోమేటిక్‌లో ఆ కాలు చేసే పనిని యంత్రం చేయాలి. దానిని నూనెతో చేయిస్తారా, రాపిడి పలకలతో చేయిస్తారా, మోటారుతో చేయిస్తారా అన్నదే ఈ రకాల మధ్య అసలు తేడా. చిన్న కారు విషయంలో ఈ తేడా అంతగా బాధించకపోవచ్చు. ఖాళీగానే 1,300 కిలోలు దాటే బండిలో ఐదుగురు మనుషులు, సామాను ఎక్కి, మిట్టమీద రద్దీలో అంగుళం అంగుళం కదలాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ జారుడులో పుట్టే వేడి ఎక్కడికి పోతుందన్నది చాలా పెద్ద విషయం అవుతుంది.

మొదట చూసింది టార్క్ కన్వర్టర్. విప్పిన గేర్‌బాక్స్ ముందు భాగంలో గుండ్రంగా, బరువుగా ఉండే డబ్బా అది. దాని లోపల ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం ఒకటి, గేర్‌బాక్స్ షాఫ్టును తిప్పే రెక్కల చక్రం మరొకటి ఎదురెదురుగా ఉంటాయి. మొదటిదాన్ని ఇంపెల్లర్ అని, రెండోదాన్ని టర్బైన్ అని అంటారు. రెండూ ఒకదానికొకటి తగలవు; వాటి మధ్య ఉన్న నూనె ఒక చక్రం విసిరిన బలాన్ని రెండో చక్రానికి అందిస్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు టర్బైన్ నిలిచిపోయినా ఇంపెల్లర్ తిరుగుతూనే ఉండగలదు, అంటే ఇక్కడ జారేది నూనె. అరిగిపోవడానికి అక్కడ పలక లేదు. పుట్టిన వేడిని ఆ నూనే మోసుకుపోయి కూలర్‌లో వదిలేస్తుంది. మధ్యలో స్టేటర్ అనే మూడో రెక్కల చక్రం ఉంటుంది. టర్బైన్ నుంచి తిరిగొచ్చే నూనె ప్రవాహాన్ని అది ఇంపెల్లర్‌కు సాయపడే దిశలోకి మళ్ళిస్తుంది. దీనివల్ల కారు నిలబడిన చోటు నుంచి బయల్దేరేటప్పుడు ఇంజిన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) దాదాపు రెండింతలై గేర్లకు చేరుతుంది. బరువైన బండి మిట్టమీద నుంచి తొణక్కుండా కదలడం వెనక ఉన్న కారణం ఇదే. ఈ సూత్రానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల టర్బైన్లను ప్రొపెల్లర్లకు కలపడం కోసం. అంత బరువులను కదిలించడానికి పుట్టిన ఆలోచన ఎస్‌యూవీలో ఇంత హాయిగా ఇమడడం నాకు ఆశ్చర్యంగా తోచలేదు.

టార్క్ కన్వర్టర్ వెనక గేర్లను మార్చేవి ప్లానెటరీ గేర్ సెట్లు. నడుమ సన్ గేరు, దాని చుట్టూ క్యారియర్ అనే చట్రంలో బిగించిన చిన్న ప్లానెట్ గేర్లు, బయట రింగ్ గేరు. ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టి ఆపి, ఒకదాన్ని తిప్పితే మూడోది వేరే నిష్పత్తిలో తిరుగుతుంది. పట్టుకోవడం, వదలడం అన్న పనిని నూనె ఒత్తిడితో పనిచేసే క్లచ్ ప్యాక్‌లు, బ్రేకులు చేస్తాయి. ఒక క్లచ్ ప్యాక్ వదులుతున్న క్షణంలోనే మరొకటి పట్టుకుంటుంది కాబట్టి చక్రాలకు వెళ్ళే బలం తెగదు. 2009లో ఉత్పత్తిలోకి వచ్చిన, జర్మన్ గేర్‌బాక్స్ కంపెనీ జెడ్ఎఫ్ వారి 8హెచ్‌పీ అనే ఎనిమిది గేర్ల పెట్టె నాలుగు ప్లానెటరీ సెట్లు, ఐదు షిఫ్ట్ ఎలిమెంట్లతోనే (అంటే ఆ క్లచ్‌లు, బ్రేకులతోనే) అన్ని గేర్లనూ సాధిస్తుందని, ఏ గేరులో ఉన్నా వాటిలో రెండు మాత్రమే వదులుగా ఉంటాయని తెలిశాక, ఆ రూపకల్పన మీద నాకు గౌరవం కలిగింది. వదులుగా ఉన్నవి ఎంత తక్కువైతే ఊరికే రాసుకుపోయే శక్తి అంత తగ్గుతుంది.

నూనె జారుతూ ఉంటే ఇంధనం వృథా కాదా అన్న అనుమానం నాకూ ఉండేది. పాత ఆటోమేటిక్‌ల మీద ఉన్న చెడ్డపేరు చాలావరకు అందువల్ల వచ్చిందే. ఇప్పటి టార్క్ కన్వర్టర్లలో లాకప్ క్లచ్ ఉంటుంది. కారు కొంత వేగం అందుకోగానే అది ఇంపెల్లర్‌ను, టర్బైన్‌ను గట్టిగా బిగించేస్తుంది, ఆపైన జారుడు ఉండదు. టెస్ట్ డ్రైవ్‌లో టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటరు) ముల్లు మీద కన్నేసి ఉంచితే ఇది స్పష్టంగా తెలుస్తుంది. గేరు మారకుండానే ముల్లు కొద్దిగా దిగి స్థిరపడి, ఆ తరువాత యాక్సిలరేటర్‌కూ వేగానికీ మధ్య సంబంధం బిగుసుకుంటుంది.

సీవీటీ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే దాని మీద విన్న మాటలకూ, బల్లమీద చూసిన వస్తువుకూ పొంతన కుదరలేదు. బెల్టు అన్న మాట వినగానే రబ్బరు పట్టీ కళ్ళముందు కదులుతుంది. డచ్ కంపెనీ డాఫ్ 1958లో చూపించిన తన చిన్న కారులో హబ్ వాన్ డోర్న్ రూపొందించిన వేరియోమాటిక్ అనే సీవీటీకి నిజంగానే రబ్బరు బెల్టులు ఉండేవి. ఇప్పటి సీవీటీలో ఉన్నది ఉక్కు బెల్టు. సన్నని ఉక్కు ముక్కలు వందల సంఖ్యలో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వాటిని పలుచని ఉక్కు వలయాల కట్టతో కట్టి ఉంచుతారు. విచిత్రమేమంటే ఆ బెల్టు లాగదు, నెడుతుంది. ఒక కప్పీ నుంచి రెండో కప్పీకి బలం ఆ ముక్కలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల చేరుతుంది. కొన్ని గేర్‌బాక్స్‌లలో బెల్టు స్థానంలో ఉక్కు గొలుసు ఉంటుంది. రెండు కప్పీలూ శంకువు ఆకారంలోని సగాలతో తయారై, దగ్గరకు జరిగినప్పుడు బెల్టు అంచుకు ఎక్కుతుంది, దూరం జరిగినప్పుడు నడుమకు దిగుతుంది. గేర్లన్న మెట్లు లేకుండా నిష్పత్తి నిరంతరంగా మారుతూ పోవడానికి ఈ ఎక్కడం, దిగడమే కారణం.

మరి ఇక్కడ జారేది ఏది? బెల్టు మాత్రం కాకూడదు. ఉక్కు కప్పీ మీద ఉక్కు బెల్టు జారితే రెండింటికీ గీతలు పడి, గేర్‌బాక్స్ పాడవుతుంది. అందుకే నూనె పంపు ఎంతో ఒత్తిడితో కప్పీలను బెల్టుకు అదిమి పెడుతూ ఉంటుంది. కారు కదిలే క్షణంలోని జారుడును ఎక్కువ సీవీటీలలో ముందున్న టార్క్ కన్వర్టరే భరిస్తుంది. ఈ సంగతి తెలియకముందు నేను టార్క్ కన్వర్టర్‌ను, సీవీటీని పూర్తిగా వేర్వేరు వస్తువులుగా భావించేవాణ్ణి. రద్దీలో సీవీటీ కారు అంత మెత్తగా పాకడానికి సగం కీర్తి ఆ నూనె డబ్బాకే దక్కాలి. టొయోటా 2018లో ప్రకటించిన సీవీటీలో బయల్దేరడానికి విడిగా ఒక మామూలు గేరునే పెట్టారు. బెల్టుకు కష్టమైన భాగాన్ని దానికి అప్పగించి, వేగం అందుకున్నాక బెల్టుకు మారుస్తారు. ఇది నాకు చాలా తెలివైన పరిష్కారంగా అనిపించింది.

సీవీటీని నడిపినప్పుడు ఒక విషయం గమనించాను. యాక్సిలరేటర్‌ను నిదానంగా తొక్కినంతసేపు ఇంజిన్ తక్కువ చుట్లలో, దాదాపు చప్పుడు లేకుండా పనిచేసింది. ముందున్న వాహనాన్ని దాటడానికి గట్టిగా తొక్కగానే ఇంజిన్ చుట్లు పైకి లేచి అక్కడే నిలబడ్డాయి, వేగం వాటి వెనక మెల్లగా పెరిగింది. ఇది లోపం కాదని, ఆ క్షణంలో ఇంజిన్‌ను దాని బలమైన చోట నిలిపి ఉంచడమే సీవీటీ పని అని బుద్ధికి తెలుసు. కానీ చెవికి మాత్రం వేగానికి మించిన శ్రమ వినిపిస్తుంది. ఈ తేడాను తగ్గించడానికి కంపెనీలు కృత్రిమంగా గేరు మెట్లను ప్రోగ్రామ్ చేస్తున్నాయి. ఎక్కువగా నగరంలో, నెమ్మదిగా నడిపేవారికి సీవీటీ ఎంతో హాయి అని నా నమ్మకం. నిండు బరువుతో పొడవైన ఘాట్లు తరచుగా ఎక్కేవారు మాత్రం కొనేముందు అలాంటి దారిలో నడిపి, ఆ శబ్దం తమకు సరిపడుతుందో లేదో తేల్చుకోవాలి.

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ తర్కం వీటన్నింటికంటే అందమైనది. అది నిజానికి రెండు మాన్యువల్ గేర్‌బాక్స్‌లను ఒకే పెట్టెలో ఇమిడ్చినట్టు ఉంటుంది. ఒకటి, మూడు, ఐదు గేర్లకు ఒక క్లచ్. రెండు, నాలుగు, ఆరు గేర్లకు మరో క్లచ్. ఒక షాఫ్టు బోలుగా ఉండి రెండోది దాని లోపల నుంచి వెళుతుంది. కారు మూడో గేరులో పరుగెత్తుతుండగానే నాలుగో గేరు సిద్ధంగా ఎక్కి ఉంటుంది. మారాల్సినప్పుడు ఒక క్లచ్ వదులుతుంటే మరొకటి పట్టుకుంటుంది. పోర్షే 1980లలో తన రేసు కార్లలో పరీక్షించిన ఈ పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ 2003లో గోల్ఫ్ ఆర్32తో సాధారణ కార్లలోకి తెచ్చింది. విశాలమైన రోడ్డు మీద దీన్ని నడిపినప్పుడు కలిగిన ఆనందం మిగతా ఏ రకంతోనూ కలగలేదు. గేరు ఎప్పుడు మారిందో ముల్లు చెబితే తప్ప తెలియలేదు.

కానీ మెకానిక్ గారి ప్రశ్న ఇక్కడే బరువెక్కుతుంది. కారు పాకుతున్నప్పుడు జారేది క్లచ్ పలక. ఈ క్లచ్‌లలో డ్రై, వెట్ అని రెండు రకాలు. వెట్ క్లచ్ నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి వేడిని నూనె లాక్కుపోతుంది. డ్రై క్లచ్‌కు చుట్టూ ఉన్న గాలే దిక్కు. ఫోక్స్‌వ్యాగన్ వారి డ్రై క్లచ్ ఏడు గేర్ల పెట్టె డీక్యూ200ను 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకు ఉద్దేశించగా, వెట్ క్లచ్ ఆరు గేర్ల డీక్యూ250ను 350 న్యూటన్ మీటర్ల వరకు ఉద్దేశించారు. డ్రై రకం తేలికగా ఉంటుంది, నూనెను తిప్పే శ్రమ తక్కువ కాబట్టి ఇంధనం ఆదా చేస్తుంది. రద్దీలో మాత్రం ఆ లాభానికి వేడి రూపంలో మూల్యం చెల్లిస్తుంది. నేను చదివిన మాన్యువళ్ళలో డ్యూయల్ క్లచ్ అధ్యాయాలన్నీ ఒక హెచ్చరికను గట్టిగా చెప్పాయి: మిట్టమీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి బండిని నిలబెట్టకూడదు, బ్రేకు తొక్కి ఉంచాలి. క్లచ్ మరీ వేడెక్కితే తెరమీద హెచ్చరిక వస్తుందని, అప్పుడు సురక్షితమైన చోట ఆపి చల్లబడనివ్వాలని కూడా రాశారు. అందువల్ల స్పెసిఫికేషన్ పట్టికలో డీసీటీ అని చూసి ఊరుకోకుండా, అది డ్రైయా వెట్టా అని తప్పకుండా అడిగి తెలుసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అమ్మేవారు కొన్నిసార్లు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు, అయినా విడిచిపెట్టకూడదు.

ఏఎంటీ గురించి కొద్దిగానే చెబుతాను. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కు క్లచ్ నొక్కే, గేరు మార్చే యాక్చుయేటర్లు అమర్చడమే ఏఎంటీ. ఒకే క్లచ్ కాబట్టి గేరు మారే ప్రతిసారీ చక్రాలకు బలం ఒక్క క్షణం తెగుతుంది, లోపలున్నవారి తల ముందుకు ఊగుతుంది. చిన్న కార్లకు, తక్కువ ధరకు అది న్యాయమైన పరిష్కారమే. మిడ్-సైజ్ ఎస్‌యూవీలలో అరుదు కాబట్టి నా జాబితాలో లేదు.

హైబ్రిడ్‌లోని ఇ-సీవీటీలో సీవీటీ అన్న అక్షరాలున్నా, 1997లో ప్రియస్ అనే కారుతో టొయోటా తెచ్చిన పద్ధతిలో బెల్టూ లేదు, కప్పీలూ లేవు. ఒక్క ప్లానెటరీ గేర్ సెట్ ఉంది. ఇంజిన్ క్యారియర్‌కు, ఒక మోటార్-జనరేటర్ సన్ గేరుకు, చక్రాల వైపు వెళ్ళే మార్గం, పెద్ద మోటారు రింగ్ గేరుకు కలిసి ఉంటాయి. తొలి ప్రియస్‌లలో రింగ్‌కు 78 పళ్ళు, సన్‌కు 30 పళ్ళు ఉండడం వల్ల ఇంజిన్ టార్క్‌లో సుమారు 72 శాతం నేరుగా చక్రాల వైపు, 28 శాతం జనరేటర్ వైపు పంచుకుపోయేది. జనరేటర్ వేగాన్ని మార్చడం ద్వారానే మొత్తం నిష్పత్తి మారుతుంది. ఇక్కడ జారేది ఏదీ లేదు. కారును కదిలించేది మోటారు. మోటారుకు సున్నా వేగం దగ్గరే బలం ఉంటుంది. రద్దీలో ఇంతకంటే శాంతమైన యంత్రాన్ని నేను నడపలేదు.

టెస్ట్ డ్రైవ్‌కు మామూలుగా చదునైన, ఖాళీ దారిలో తీసుకెళతారు. అక్కడ అన్ని రకాలూ బాగానే ఉంటాయి. నేను మర్యాదగా అడిగి, ప్రతి కారునూ మిట్ట ఉన్న చోటికి తీసుకెళ్ళి, ఇంటివారిని కూడా ఎక్కించుకుని నడిపాను. అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్పిన పరీక్ష, ఎత్తు ఉన్న పార్కింగ్ స్థలంలోకి రివర్సులో అతి నెమ్మదిగా ఎక్కించడం. టార్క్ కన్వర్టర్ బ్రేకును సడలించిన కొద్దీ తనంతట తానే ఎక్కింది. డ్రై క్లచ్ డీసీటీలో కొద్దిపాటి వణుకు, కాసింత తటపటాయింపు కాలికి తెలిశాయి. ఇ-సీవీటీ మోటారు బలంతో ఏ శబ్దమూ లేకుండా వెళ్ళింది. దిగుడులో కూడా తేడా ఉంది. యాక్సిలరేటర్ వదిలితే సీవీటీ డీలో తేలిగ్గా జారిపోతున్నట్టు అనిపించింది, ఇంజిన్ బ్రేకింగ్ కోసం ఎల్ (లో) లేదా ఎస్ (స్పోర్ట్) ఎంచుకోవాల్సి వచ్చింది. టార్క్ కన్వర్టర్ కారులో మాన్యువల్ మోడ్‌లో గేరు తగ్గించగానే ఇంజిన్ పట్టు స్పష్టంగా దొరికింది.

చివరికి డీజిల్ ఇంజిన్‌తో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్‌ను ఎంచుకున్నాను. రోజూ రద్దీలో పాకడం, తరచుగా నిండు బరువుతో ఘాట్ దారులు ఎక్కడం రెండూ మాకు తప్పవు. తక్కువ చుట్లలోనే పెద్ద టార్క్ ఇచ్చే ఇంజిన్‌కు, జారుడును నూనెకు అప్పగించే పెట్టెకు జోడీ బాగా కుదురుతుంది. పూర్తిగా నగరంలోనే తిరిగేవారైతే నేను హైబ్రిడ్‌ను, హైవేల మీద ఎక్కువగా తిరిగేవారైతే వెట్ క్లచ్ డీసీటీని సూచిస్తాను.

కారు వచ్చాక అలవాటు చేసుకున్నవి కొన్ని ఉన్నాయి. పీలో లోపలి షాఫ్టును పట్టుకునేది పార్కింగ్ పాల్ అనే చిన్న ఇనుప నాలుక. వాలు మీద బండి బరువంతా దాని మీద పడకుండా, ముందు కాలి బ్రేకు తొక్కి ఉంచి, ఎన్‌లోకి మార్చి, పార్కింగ్ బ్రేకు వేసి, కాలిబ్రేకు వదిలి బండి బరువు పార్కింగ్ బ్రేకు మీద స్థిరపడనిచ్చి, మళ్ళీ బ్రేకు తొక్కి పీలోకి వెళ్ళాలి. ఇంట్లో కారు నడిపే అందరికీ ఇదే వరుస నేర్పించాను. ఇక గేర్‌బాక్స్ నూనె మార్చనక్కర్లేదని, జీవితాంతం సరిపోతుందని కొందరు చెబుతారు. జెడ్ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళలోపు నూనె మార్చాలని సూచిస్తోంది. గేర్‌బాక్స్‌ను తయారుచేసేవారి మాటకే నేను విలువ ఇస్తాను. టార్క్ కన్వర్టర్, సీవీటీ, వెట్ క్లచ్ డీసీటీల నూనెలు వేర్వేరు. ఒకదాని బదులు మరొకటి పోయకూడదు కాబట్టి, ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న నూనె స్పెసిఫికేషన్‌ను రాసుకుని సర్వీసుకు ఇచ్చేటప్పుడు చూపిస్తున్నాను. లాక్కెళ్ళడం గురించిన పేజీలో ఉన్న కారణం కూడా ఇప్పుడు తెలుసు. ఇంజిన్ ఆగితే నూనె పంపూ ఆగిపోతుంది. అప్పుడు డ్రైవ్ చక్రాలు రోడ్డు మీద తిరుగుతుంటే లోపలి గేర్లకు నూనె అందదు. దారిలో బండి ఆగిపోతే, డ్రైవ్ చక్రాలు పైకి ఎత్తి, లేదా పూర్తిగా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్ళమని సహాయానికి వచ్చినవారికి ముందే చెప్పాలి.